ఒక్క దెబ్బకు ఎంత దూరం?

కొండ అంచు నుంచి పెంగ్విన్ దూకుతుంది. కింద కాచుకున్న యతి కర్రతో ఒక్కటిస్తాడు. అది ఎంత దూరం పడితే అంత స్కోరు. ఆస్ట్రియాకు చెందిన క్రిస్ హిల్గర్ట్ 2004లో వదిలిన ఈ ఆటలో కథ లేదు, నీతి అసలే లేదు. అయినా ఆఫీసుల్లో ఫైళ్లు పక్కకు జరిగాయి. ఆ తరం ఆటల్ని చాలావరకు నడిపిన ఫ్లాష్‌ను అడోబ్ 2020 చివర్లో ఆపేసింది. ఆటలు మాత్రం ఫోన్లలోకి గెంతాయి.

ఇంతకీ ఏముంది వాటిలో? అదను చూసి కొట్టడం వరకే ఆటగాడి వంతు. తర్వాతదంతా వేగం, కోణం, నేల చూసుకుంటాయి. తెలుగు పిల్లలకు ఇది కొత్త కాదు. బిళ్లంగోడులో బిళ్ల పడిన దూరాన్ని కర్రతో కొలిచే సరదా ఇలాంటిదే.

శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వలస వెళ్లిన తెలుగువాళ్లు పోర్ట్ బ్లెయిర్‌లో ఎందరో. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన ఆ ఊళ్లో, ఫీనిక్స్ బే జెట్టీ నుంచి దీవులకు పడవలు కదులుతాయి. సముద్రం మొండికేస్తే పడవ కదలదు. చెన్నై నుంచి వేసిన సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమయ్యేదాకా ఇంటర్నెట్టూ ఉపగ్రహాల దయే. దూరం అంటే ఎదురుచూపే అయిన చోట, అది వేలి కింద కొన్ని క్షణాల్లో తేలిపోవడం చిన్న సుఖమేమీ కాదు.

పైగా పెంగ్విన్ ఎక్కడ కూలబడినా మళ్లీ కొండెక్కుతుంది. సొంత తీరం వదిలి వచ్చిన కుటుంబానికి ఆ వెసులుబాటు లేదు.