పోగు అతికిన చోటు

పొందూరు దగ్గర ఓ ఊళ్లో సోషల్ మాస్టారుగా ఉన్న నా స్నేహితుడు, తన బడి పిల్లలు చేస్తున్న పాడ్‌కాస్టులు ఒకసారి వచ్చి వినమని ఏడాదిగా పిలుస్తున్నాడు. మొన్న వెళ్లాను. బడంతా తిప్పి చూపిస్తానన్నాడు గానీ, మధ్యాహ్న భోజనం బియ్యం దాచే గదిలోంచి నేను కదల్లేదు. పిల్లల స్టూడియో అదే. మూడు వైపులా బస్తాలు ఉండడంతో గొంతు గోడలకు తగిలి మార్మోగదు. గది గదికీ వెళ్లి చప్పట్లు కొట్టి చూసి, ఈ సంగతి వాళ్లే కనిపెట్టారు. ఒక పాత ఫోను, రెండు జతల ఇయర్‌ఫోన్లు, గాలిమోత రాకుండా ఫోనుకు చుట్టే ఖద్దరు ముక్క. సరంజామా అంతే.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె తన పదకొండు నిమిషాల ఎపిసోడ్ నా చెవిలో పెట్టింది. ముందు సన్నటి గరగర. ఆ తర్వాతే మాట.

"ఇదేటి మామ్మా?"

"వలుగ సేప దవడ. గోదారి కాణ్నించి తెస్తారు. అలగ గట్టిగా నొక్కకే గుంటా, దూది సచ్చిపోద్ది. ఇలగ పట్టు."

పొందూరు సన్న ఖద్దరు పుట్టేది ఈ గరగరలోనే. వలుగ చేప దవడకున్న సన్నటి పళ్లతో పత్తిని దువ్వుతారు. గింజ తీసి, చిన్న విల్లుతో ఏకి, ఆ దూదిని వేలెడంత ఏకులుగా చుట్టి, దుమ్ము పడకుండా ఎండిన అరటి డొప్పలో దాచుకుంటారు. ఆ ఏకుల్లోంచే రాట్నం మీద పోగు తీస్తారు. వందో నంబరు నూలు వడికే చేతులు ఇక్కడ ఉన్నాయి. ఖాదీ లెక్కలో వందో నంబరంటే, కిలో నూలు పరిస్తే వంద కిలోమీటర్లు సాగుతుంది.

"ఏకు మేకయిందని మా తెలుగు మాస్టారు అంటుంటే ఏకంటే ఏటో నాకు తెల్దండి" అంది ఆ పిల్ల. "మా ఇంట్లోనే ఉందని ఇది చేసినాకే తెలిసింది." మెత్తటి దూది చుట్ట ఇనప మేకు కావడం ఎంత పెద్ద మాటో, ఆ చుట్టను వేళ్లతో పట్టుకున్న పిల్లకే తెలుస్తుంది. నిఘంటువు అర్థం చెబుతుంది గానీ ఆ మెత్తదనం చెప్పలేదు.

అదే ఎపిసోడ్‌ని బడి వాళ్లు ఒక పోటీకి పంపారట. "విషయం బాగుంది, భాష సరిదిద్ది పంపండి" అని తిరిగొచ్చింది. ఆ మాట విన్నప్పటినుంచి నా మనసు మనసులో లేదు. ఏం సరిదిద్దాలి? 'నేదు'ని 'లేదు' చెయ్యాలా? మామ్మ చేత పాఠ్యపుస్తకం చదివించాలా? వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి 1863లో పుట్టింది ఈ జిల్లాలోనే, వంశధార ఒడ్డున పర్వతాలపేటలో. సవరలతో మాట్లాడాలని వాళ్ల భాష నేర్చుకుని, దానికి నిఘంటువు కట్టిన మనిషి. ఏటా ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేస్తాం. ఆయన జిల్లా పిల్ల తన మామ్మ మాటను మామ్మ మాటగానే పట్టుకొస్తే, దిద్దుకు రమ్మని వెనక్కి పంపుతాం. ఇంతకన్నా అన్యాయం ఏముంది?

తమ మాట దిద్దుకోకుండానే వినిపించినవాళ్లూ ఉన్నారు. 2008లో జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు సంఘం రేడియో మొదలుపెట్టారు. విత్తనాల గురించి, తిండి గురించి తమ పలుకుబడిలోనే మాట్లాడారు. పనికి దాని మాటలు దానికుంటాయి. ఆ మాటలు మారిస్తే పనిలోని సూక్ష్మం పోతుంది. 'దూది సచ్చిపోద్ది' అన్నదాన్ని 'దూది పాడవుతుంది' అని రాస్తే, దూదికి ప్రాణం ఉందని నమ్మిన ఆ చెయ్యి మనకిక కనబడదు.

సాయంత్రం ఆ పిల్ల వెంట వాళ్లింటికి వెళ్లాం. మామ్మ 24 ఆకుల రాట్నం ముందు కూచుని ఉంది. కుడిచెయ్యి చక్రం తిప్పుతుంటే ఎడమచెయ్యి ఏకును పట్టుకుని మెల్లగా వెనక్కి జరుగుతుంది. కదురుకీ ఆ చేతికీ మధ్య పోగు ఉందో లేదో వెలుతురు పడితే తప్ప తెలీదు. చూపుడువేలు పక్కన పోగు నడిచిన దారి నున్నగా, చిన్న గాడిలా ఉంది. మనవరాలు ఫోను చెవి దగ్గర పెట్టింది. మామ్మ కళ్లు మూసుకుని మొత్తం విని, చివర్లో అడిగింది:

"నాను పోగు అతికిన కాడ ఏదే?"

"ఏ పోగు మామ్మా?"

"తెగింది గదే. అతుకుతుంటే నువ్వూ మాటాడ్నేదు, నానూ మాటాడ్నేదు. అది నేదేటి?"

పిల్ల మొహం వాడిపోయింది. యాప్‌లో ఖాళీలు తీసేసే మీట ఒకటుంది. అది నొక్కితే మాటలు లేని చోట్లన్నీ ఎగిరిపోయాయి. అసలు రికార్డింగు కూడా లేదు. ఫోను నిండిపోతుంటే పాతవి తుడిచి కొత్తవి పెట్టుకుంటారట. ఇప్పటిదాకా ఈ పిల్లలు చేసిన ఇరవై ఎపిసోడ్లలో ఒక్కదానికీ మూలం మిగల్లేదు. బడికో హార్డ్ డిస్కు, జిల్లా గ్రంథాలయంలో వీటికో అర ఇవ్వలేమా? వడికే చేతులు తగ్గిపోతున్నాయి. ఆ కూలితో ఇల్లు గడవదు కనక పడుచువాళ్లు రాట్నం ముందు కూచోవడం లేదు. వాళ్లను తప్పుపట్టను. కానీ ఆఖరి చేతుల చప్పుడు రికార్డు చేసిన పిల్లలకు, దాన్ని దాచుకునే చోటు కూడా ఇవ్వకపోతే ఆ తప్పు మాత్రం పెద్దవాళ్లదే.

"మళ్లీ తెంపి అతుకు మామ్మా, రికార్డు చేసుకుంటాను" అంది పిల్ల.

"తెగమంటే తెగుద్దేటి? దాని ఇట్టం."

కావాలని తెంపడానికి ఆమె ఒప్పుకోలేదు. పిల్ల ఫోనుకు ఖద్దరు ముక్క చుట్టి రాట్నం పక్కన పెట్టి, మీట నొక్కి కూచుంది. మాస్టారూ నేనూ గుమ్మంలో కూలబడ్డాం. రాట్నం తిరుగుతూనే ఉంది. వీధిలో సైకిలు బెల్లు, దూరంగా రైలు కూత. చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. దీపాలు పెట్టే వేళకు రాట్నం ఆగింది. మామ్మ కదురు దగ్గర కొసను వెతికి పట్టి, ఏకును దానికి ఆనించి, బొటనవేలితో ఒక్కసారి మెలేసింది. రాట్నం మళ్లీ కదిలింది.

మీట మీదికి పోబోయిన చేతిని పిల్ల వెనక్కి తీసుకుంది. ఇంకాసేపు తిరగనిచ్చింది.