జనక్‌పురిలో బారాత్, మా ఊళ్లో కుర్చీల లెక్క

ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో హాస్టల్ రూమ్‌లో ఆరుగురం ఒకే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని చూసిన సినిమా ‘బ్యాండ్ బాజా బారాత్’. 2010 డిసెంబరులో వచ్చింది కాబట్టి మేం చూసేసరికే పాతది. రణ్‌వీర్ సింగ్‌కి అదే మొదటి సినిమా. సబ్‌టైటిల్స్ లేవు, మాకు హిందీ సగమే అర్థమైంది. అయినా ఆ తర్వాత ఇరవైసార్లైనా చూసుంటాను. ఎందుకంత ఇష్టంరా అని ఫ్రెండ్స్ అడిగితే, ‘అనుష్క శర్మ కోసం’ అనేవాణ్ని. అబద్ధం.

చూడనివాళ్ల కోసం కథ కొంచెం చెప్తా. ఢిల్లీలో చదువుకునే బిట్టూ ఫ్రీ భోజనం కోసం పిలవని పెళ్లికెళ్లి శ్రుతికి దొరికిపోతాడు. ఆమెకేమో పెళ్లిళ్లు చేయించే కంపెనీ సొంతంగా పెట్టాలని కల. ఇద్దరూ కలిసి ‘షాదీ ముబారక్’ మొదలుపెడతారు. జనక్‌పురి మధ్యతరగతి పెళ్లిళ్లతో మొదలెట్టి, సైనిక్ ఫార్మ్స్‌లోని డబ్బున్నోళ్ల పెళ్లిళ్ల దాకా ఎదగాలన్నది ప్లాన్. వ్యాపారంలో ప్రేమను కలపకూడదన్నది శ్రుతి పెట్టిన రూలు. ఆ రూలు ఏమైందో చెప్పక్కర్లేదు కదా! 2014లో నాని హీరోగా తమిళంలో ‘ఆహా కల్యాణం’ పేరుతో మళ్లీ తీశారు కూడా.

పోయిన నవంబరులో ఆఫీసు పని మీద పది రోజులు గురుగ్రామ్‌లో ఉన్నాను. శుక్రవారం రాత్రి హోటల్ రూమ్‌లో ఆ సినిమా మళ్లీ పెట్టుకున్నా. శనివారం సాయంత్రం జనక్‌పురి చూసొద్దామని బయల్దేరా. ఎల్లో లైన్‌లో హౌజ్ ఖాస్ దాకా వెళ్లి, అక్కడ మెజెంటా లైన్‌కి మారితే నేరుగా జనక్‌పురి వెస్ట్.

టూరిస్టులు వెళ్లే చోటేం కాదది. ఇళ్లు, పార్కులు, కోచింగ్ సెంటర్ల బోర్డులు, చలికి శాలువాలు కప్పుకుని నడిచే పెద్దవాళ్లు. బిట్టూ జ్ఞాపకార్థం ఒక బ్రెడ్ పకోడీ తిన్నా. మన మిరపకాయ బజ్జీ ముందు నిలబడదు గానీ, ఆ చలిలో బానే ఉంది.

చీకటి పడ్డాక అసలు సందడి మొదలైంది. కార్తీక శుద్ధ ఏకాదశిని అక్కడ దేవ్‌ఉఠనీ ఏకాదశి అంటారు. మనం క్షీరాబ్ది ద్వాదశికి తులసి పెళ్లి చేసినట్టే వాళ్లూ చేసి, ఇక పెళ్లిళ్లకు గేట్లు ఎత్తేస్తారు. మలుపు తిరగ్గానే ఎదురుగా ఒక బారాత్. గుర్రం మీద పెళ్లికొడుకు, ముఖానికి సెహ్రా, ముందు బ్యాండు, దాని ముందు రోడ్డంతా డాన్సులు. ట్రాఫిక్ ఆగిపోయింది. నేనూ ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టా.

అప్పుడు చూశా, రెండు పక్కలా లైట్లు మోసేవాళ్లని. నెత్తి మీదా భుజం మీదా పెద్ద పెద్ద లైట్లు. ఒకరి నుంచి ఇంకొకరికి వైరు. ఆ వైరు చివర, వెనకాల బండి మీద జనరేటర్. ఒకరు ఆగితే అందరూ ఆగాలి. డాన్సులు ఆగేదాకా వాళ్లు కదలకుండా నిలబడ్డారు. నేను తీస్తున్న వీడియోలో కూడా ఒక్కరి ముఖమూ లేదు.

మా నాన్నది షామియానా సప్లయర్స్ షాపు. పశ్చిమ గోదావరిలో చిన్న టౌన్. కుర్చీలు, గుండిగలు, సీరియల్ సెట్లు, జనరేటర్... పెళ్లంటే మా ఇంట్లో పనే. ఇంటర్ దాకా సెలవుల్లో నేనూ ఆటోలో కుర్చీలు ఎక్కించినవాణ్నే. ఆ సినిమా నాకెందుకు నచ్చిందో ఇప్పుడు అర్థమైందనుకుంటా. పెళ్లి చేయించేవాళ్లు హీరో, హీరోయిన్లు అయిన సినిమా అది.

బీటెక్ మూడో ఏడాదిలో క్లాస్‌మేట్ అక్క పెళ్లి మా ఊళ్లోనే జరిగింది. సప్లయర్స్ నాన్నే. బ్యాచ్ మొత్తంతో నేనూ గెస్టుగా వెళ్లా. నాన్న చెమటతో, లుంగీ పైకి కట్టుకుని, నన్ను చూసి నవ్వాడు. పక్కనున్నవాడు ‘ఎవర్రా?’ అన్నాడు. ‘తెలిసినాయన’ అన్నాను. నాన్న రెండడుగుల దూరంలో ఉన్నాడు. విని ఉంటాడు. తెల్లారి ఇంటికొచ్చి, ‘నాలుగు కుర్చీలు తగ్గాయిరా’ అన్నాడు. అంతే. ఆ మాట గురించి ఈ రోజు దాకా ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఆ రోడ్డు మీద నిలబడే నాన్నకి వీడియో కాల్ చేశా. కెమెరా బారాత్ వైపు కాకుండా లైట్లు మోసేవాళ్ల వైపు తిప్పా.

‘మనిషికి ఎంతిస్తున్నారట్రా?’ అన్నాడు ముందు. తర్వాత కాసేపాగి, ‘చిన్నప్పుడు నేనూ మోశాను, పెట్రోమాక్సు లైటు. చుట్టకుదురు పెట్టుకున్నా నెత్తి కాలిపోయేది’ అన్నాడు. ఇరవై ఎనిమిదేళ్లొచ్చినా ఈ సంగతి నాకు తెలీదు.

సంక్రాంతికి ఇంటికెళ్లి, టీవీలో ఆ సినిమా పెట్టి పక్కన కూర్చున్నా. ప్రేమ సీన్లలో నాన్న కునికాడు. డెకరేషన్ సీన్లకి మాత్రం లేచి కూర్చుని, ‘ఆ క్లాత్ కట్టడం బాగుంది, పాజ్ చెయ్’ అన్నాడు. బిట్టూ, శ్రుతి విడిపోయి, ఎవరి కంపెనీ వాళ్లు పెట్టుకుని అప్పుల్లో పడినప్పుడు బుర్ర ఊపాడు. ‘పార్టనర్లతో అంతే’ అన్నాడు. అయిపోయాక, ‘అన్నీ బానే చూపించాడు గానీ, కుర్చీలు ఎవడు లెక్కపెట్టుకున్నాడ్రా?’ అన్నాడు.

ఆ రోజు పెళ్లిలో అన్న మాటకి సారీ చెప్దామని రెండుసార్లు నోరు తెరిచా. రాలేదు. మర్నాడు ఒక పెళ్లి సామాను వెనక్కి తేవాలంటే నాన్నతో ఆటోలో వెళ్లా. తెల్లవారుజామున నాలుగు గంటలు. కల్యాణ మండపం గుమ్మంలో పెళ్లికూతురి బాబాయిగారు నన్ను చూసి, ‘ఈ కుర్రాడెవరు?’ అన్నారు.

నాన్న నోరు తెరిచేలోపే చెప్పా, ‘ఆయన కొడుకునండీ’ అని.

కుర్చీలు మూడొందలకి మూడొందలూ సరిపోయాయి.