ఇంకొంచెం వేయమంటారా?

కూకట్‌పల్లి హోటళ్లలో పదిహేనేళ్లపాటు కడుపు పట్టనంత తిన్నాను. 132 కిలోలకు చేరాక ఆపరేషన్ చేయించుకున్నాను. ఇప్పుడు అదే రోడ్డు మీద నడుస్తుంటే ఎన్ని జ్ఞాపకాలో...

సాయంత్రం ఏడింటికి జేఎన్‌టీయూ మెట్రో స్టేషన్ మెట్లు దిగి చూడండి. హారన్ల మోత కంటే ముందే వాసనలు పలకరిస్తాయి. ఓ పక్క పెనం మీద నెయ్యి కారం దోసె, ఇంకో పక్క నూనెలో తేలుతున్న మిరపకాయ బజ్జీలు, నాలుగడుగులు వేస్తే అప్పుడే మూత తీసిన బిర్యానీ. అక్కడి నుంచి కేపీహెచ్‌బీ స్టేషన్ ఒక్క స్టాపే. తీరిగ్గా నడిచినా ఇరవై నిమిషాల్లో చేరిపోవచ్చు. మెట్రో లేని రోజుల్లో ఇదే దారి నాకు రెండు గంటలు పట్టేది. మరేం లేదు, దారి పొడవునా తినుకుంటూ వెళ్లేవాణ్ని!

ఆకలి తీర్చే ఊరు

కూకట్‌పల్లి ఒకప్పుడు బొంబాయి రహదారి పక్కన ఓ ఊరు. హౌసింగ్ బోర్డు కాలనీ వచ్చింది. ఎల్‌ఐజీ, ఎంఐజీ, హెచ్‌ఐజీ అంటూ జీతాన్ని బట్టి ఇళ్లు కట్టారు. 1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ తర్వాత ఇక్కడి మేడల మీద గదులు మొలిచాయి, గేట్లకు 'టు లెట్' బోర్డులు వేలాడాయి. హైటెక్ సిటీలో ఉద్యోగం, కూకట్‌పల్లిలో కాపురం... ఎన్ని వేల కుటుంబాల కథో ఇది. 2007లో కూకట్‌పల్లి మున్సిపాలిటీ గ్రేటర్‌లో కలిసింది. 2017 నవంబరులో మెట్రో వచ్చింది.

వచ్చినవాళ్లు ఊరికే రాలేదు, రుచులు వెంట తెచ్చుకున్నారు. గుంటూరు గోంగూర, నెల్లూరు చేపల పులుసు, సీమ రాగిసంగటి, గోదావరి కోడి పులావు... అన్నీ ఒకే కాలనీలో దొరుకుతాయి. ఊరెళ్లే ప్రైవేటు బస్సు ఎక్కాలన్నా ఇక్కడికే రావాలి, బెంగ పుట్టి ఊరి కూర తినాలన్నా ఇక్కడికే రావాలి. అందుకే ఈ పేటంటే నాకు ఇప్పటికీ ప్రేమే. తప్పు హోటళ్లది కాదు, నాది.

ముప్ఫై అయిదు రూపాయల టోకెన్

మాది కనిగిరి దగ్గర ఓ మెట్ట పల్లె. వానను నమ్ముకున్న సేద్యం. నాన్న చిన్నతనంలో ఇంట్లో జొన్న సంకటే. వరి అన్నం పండక్కే. అందుకే మా ఇంట్లో ఒక్కటే చట్టం... కంచంలో మెతుకు మిగలకూడదు. "అన్నం పారేసిన చెయ్యి అన్నానికి చాస్తాదిరా అబ్బాయ్" అనేవాడు నాన్న. ఆ మాట వింటూనే పెరిగాం.

2003లో డిగ్రీ పూర్తిచేసి బస్సు దిగాను. అప్పుడు నా బరువు 61 కిలోలు. అయిదుగురం కలిసి ఒక గది. పగలు అమీర్‌పేటలో కోర్సు, రాత్రి కర్రీ పాయింట్ నుంచి తెచ్చిన కూర. ఆదివారం మాత్రం ఫుల్ మీల్స్ హోటల్. ముప్ఫై అయిదు రూపాయల టోకెన్. ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ, కందిపొడి, సాంబారు, గడ్డపెరుగు. అన్నం ఎంతైనా వేస్తారు.

'ఇంకొంచెం వేయమంటారా?' అని సర్వర్ అడిగేవాడు. మా అమ్మ తర్వాత ఈ ఊళ్లో నన్ను ఆ మాట అడిగింది అతనొక్కడే. వద్దనడం నాకు చేతనయ్యేది కాదు. పైగా లెక్క ఒకటుంది కదా! ముప్ఫై అయిదు రూపాయలు ఇచ్చాం, గిట్టుబాటు కావాలి. ఆదివారం మధ్యాహ్నం తింటే సోమవారం ఉదయం దాకా డబ్బు మిగలాలి. పేదరికంలో నేర్చుకున్న ఆ లెక్కను జీతం వచ్చాక కూడా వదల్లేదు. అక్కడే మొదలైంది అసలు సంగతి.

రెండు భోజనాల అబద్ధం

2004లో ఉద్యోగం. నైట్ షిఫ్టులు. ఇంటి ముందుకు క్యాబ్, ఆఫీసులో కుర్చీ, మళ్లీ క్యాబ్. రోజంతా కలిపి వెయ్యి అడుగులు వేసేవాణ్నో లేదో! షిఫ్టు అయ్యాక అందరం కలిసి ఏదో ఒక హోటల్‌కి. ప్రాజెక్టు పూర్తయితే పార్టీ, పూర్తికాకపోతే ఓదార్పు పార్టీ. బిర్యానీలో సింగిల్, ఫుల్, ఫ్యామిలీ ప్యాక్ అని ఉంటాయి. ఫ్యామిలీ ప్యాక్ తెచ్చుకుని ఫ్యామిలీ లేకుండానే పూర్తిచేసిన రాత్రులున్నాయి. రంజాన్ నెలలో హలీం సరేసరి. 2010లో హైదరాబాదీ హలీంకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివి, ఆ వంకతో రెండు ప్లేట్లు లాగించాను.

2007లో పెళ్లయింది. మా ఆవిడ వండి ఎదురుచూసేది. బయట తినొచ్చానంటే బాధపడుతుందని 'తినలేదు' అనేవాణ్ని. మళ్లీ కూర్చుని తినేవాణ్ని. అలా రోజుకు రెండు రాత్రి భోజనాలు. ఒకరోజు చొక్కా ఉతకబోతే జేబులో బిల్లు దొరికింది. ఆమె ఏమీ అనలేదు. మడతపెట్టి టీవీ మీద పెట్టింది. మర్నాటి నుంచి నేను బిల్లులు చించి పారేయడం నేర్చుకున్నాను గానీ తినడం తగ్గించలేదు. అప్పుడు నాకది తిండి విషయంలా అనిపించింది. ఇంట్లో అబద్ధం చెబుతున్నానని చాలా ఏళ్లకు గానీ తట్టలేదు.

2010 నాటికి 98 కిలోలు. 2017కి 132. షుగరు, బీపీ, గురక. మెట్లెక్కితే ఆయాసం. డైటింగ్ చేయలేదా అంటే ఎన్నిసార్లు చేశానో! ఓ నెల ఎనిమిది కిలోలు తగ్గి, మూడు నెలల్లో పది పెరిగేవాణ్ని.

చేతుల్లేని కుర్చీ

2017లో మా పెళ్లిరోజుకి నలుగురం హోటల్‌కి వెళ్లాం. నేను, మా ఆవిడ, ఎనిమిదేళ్ల పెద్దమ్మాయి, చిన్నవాడు. బల్లకీ సోఫాకీ మధ్య నేను పట్టలేదు. ఒకసారి ప్రయత్నించి, నవ్వేసి, ఫోన్ వచ్చినట్టు నటిస్తూ బయటకు నడిచాను. తిరిగొచ్చేసరికి మా పెద్దమ్మాయి సర్వర్ దగ్గర నిలబడి మెల్లగా చెబుతోంది. "అంకుల్, మా నాన్నకి చేతుల్లేని కుర్చీ వేస్తారా? చేతులుంటే ఇరుక్కుపోతారు."

ఎనిమిదేళ్ల పిల్లకు నా కుర్చీ కొలత తెలుసు! అది ఎన్నాళ్లుగా గమనిస్తోందో, ఎన్నిచోట్ల నాకోసం కుర్చీ వెతికిందో. ఆ రోజు కూడా కడుపునిండా తిన్నాను. అదీ నా పరిస్థితి. కానీ ఇంటికొచ్చాక నిద్రపట్టలేదు.

పొట్ట చిన్నదైంది, మరి కన్ను?

డాక్టరు లెక్క వేశారు. నా ఎత్తు 170 సెంటీమీటర్లు. బీఎంఐ 45 దాటింది. మనలాంటి ఆసియా వాళ్లకు 25 దాటితేనే స్థూలకాయం. 27.5 దాటినవాళ్లకు కూడా అవసరాన్ని బట్టి సర్జరీ సూచించవచ్చని 2022లో అంతర్జాతీయ వైద్య సంఘాలు చెప్పాయి. బరువు తగ్గించే ఆపరేషన్లు కొత్తవేం కాదు. గ్యాస్ట్రిక్ బైపాస్‌ను 1966లోనే అమెరికాలోని అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జన్ మొదలుపెట్టారు.

నాకు చేసింది స్లీవ్. 2018లో జరిగింది. చిన్న రంధ్రాల గుండా పరికరాలు పంపి పొట్టలో ముప్పాతిక భాగానికి పైగా తీసేస్తారు. మిగిలేది అరటిపండు ఆకారంలో సన్నటి గొట్టం. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది తీసేసిన ఆ భాగంలోనే. అందుకని తొలి నెలల్లో ఆకలి కూడా బాగా తగ్గుతుంది. ముందు రెండు వారాలు ద్రవాహారం పెట్టారు, కాలేయం కుదించుకుపోయి ఆపరేషన్‌కి దారి ఇస్తుందని. తర్వాత మళ్లీ ద్రవాలు, ఆపైన మెత్తటి పదార్థాలు. మామూలు భోజనానికి నెల దాటింది.

తేలిక దారి అనుకునేవాళ్లకు ఒక మాట. కుట్ల దగ్గర లీకయ్యే ప్రమాదం కొద్దిమందికైనా ఉంటుంది. ఛాతీలో మంట కొందరిని వదలదు. మూడో నెల నుంచి నా జుట్టు ఊడింది. విటమిన్ మాత్రలు జీవితాంతం వేసుకోవాల్సిందే. ఖర్చుకు పీఎఫ్ తీశాం. ఆ తర్వాత 2019లో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మార్గదర్శకాల్లో బీఎంఐ 40 దాటినవాళ్లకు, లేదా 35 దాటి తీవ్రమైన జబ్బులున్నవాళ్లకు డాక్టరు సలహాతో చేసే సర్జరీని బీమా మినహాయింపు నుంచి తప్పించారు. పాలసీ కాగితం ఓసారి చదువుకోవడం మంచిది. 2025లో మన దేశంలో బరువు తగ్గించే ఇంజెక్షన్లు కూడా వచ్చాయి. ఏది ఎవరికన్నది డాక్టరు తేల్చాలి, పక్కింటివాళ్లు కాదు.

ఆపరేషన్ అయ్యాక ఒక విచిత్రం. పొట్ట నాలుగు చెంచాలకే నిండిపోయేది. కన్ను మాత్రం పాత లెక్కలోనే ఉండేది. ఇంత వడ్డించుకునేవాణ్ని, అంతా మిగిలిపోయేది. ఒక ముద్ద ఎక్కువైతే వాంతి. మిగిలిన అన్నం చూస్తే ఏదో నేరం చేసినట్టుండేది.

నాన్న వచ్చారు

ఆపరేషన్ అయిన నాలుగో నెలలో నాన్న ఊరి నుంచి వచ్చారు. తెల్లవారుజామున కేపీహెచ్‌బీలో బస్సు దిగి, ఎదురుగా నిలబడ్డ నన్ను దాటి వెళ్లిపోయారు. గుర్తుపట్టలేదు! గుర్తుపట్టాక చొక్కా పట్టుకుని చూశారు. "ఇంత చిక్కిపోయావేందిరా, తిండి లేదా?" అన్నారు. ఆయన దృష్టిలో నా పొట్ట మా ఇంటి కరువు తీరిందనడానికి సాక్ష్యం. కోయించుకున్నానని ముందే చెప్పలేదు, భయమేసి.

మధ్యాహ్నం ఇద్దరం భోజనానికి కూర్చున్నాం. నాలుగు ముద్దలు తిని ఆగిపోయాను. కంచంలో ఇంకా సగం ఉంది. నాన్న కంచం వైపు చూశారు, నా వైపు చూశారు. అప్పుడు చెప్పాను అంతా... జొన్న సంకటి మాట, ముప్ఫై అయిదు రూపాయల లెక్క, చేతుల్లేని కుర్చీ. చాలాసేపు మాట్లాడలేదు ఆయన.

తర్వాత అన్నారు. "నేను చెప్పింది పారేయొద్దనిరా అబ్బాయ్. పెట్టినదల్లా మింగమని కాదు. ముందే తక్కువ పెట్టుకుంటే పారేసే పనేముంది?"

అంతే! ఇన్నేళ్లూ ఆయన మాటను నాకు అనువైనట్టు విన్నాను. ఆ సాయంత్రమే మా ఆవిడ చిన్న కంచం ఒకటి తెచ్చింది. ఇప్పటికీ అందులోనే తింటాను.

మనందరి లెక్క

ఇది నా ఒక్కడి కథ అయితే ఇక్కడితో ఆపేద్దును. హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షించి చేసిన అధ్యయనం ఒకటి 2025లో 'సైంటిఫిక్ రిపోర్ట్స్' పత్రికలో వచ్చింది. నూటికి 84 మందికి కాలేయంలో కొవ్వు ఉంది. 71 మందికి స్థూలకాయం. గంటల తరబడి కూర్చోవడం, నిద్ర చాలకపోవడం, వేళ తప్పిన తిండి... అన్నీ మనకు తెలిసినవే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు దేశంలో జబ్బుల భారంలో 56.4 శాతానికి సరైన ఆహారం లేకపోవడమే కారణమని చెప్పాయి. వాళ్ల సలహా కూడా నాన్న మాటకు దగ్గరగానే ఉంటుంది. కంచంలో కూరగాయలు, పప్పులు పెంచండి, అన్నం తగ్గించండి అని.

ఏడాదిలో నేను 84 కిలోలకు వచ్చాను. షుగరు మాత్రలు ఆగాయి. 2020 లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చుని ఏడు కిలోలు పెరిగాను కూడా. చిన్న పొట్టలోకి కూడా కొంచెం కొంచెంగా రోజంతా పంపించవచ్చని అప్పుడు తెలిసింది. మళ్లీ నడక మొదలుపెట్టాను. ఐడీఎల్ చెరువు గట్టు, రైతు బజారు, కాలనీ రోడ్లు. ఇప్పుడు 86 దగ్గర ఉన్నాను.

మొన్న ఆదివారం పాత ఫుల్ మీల్స్ హోటల్‌కి నలుగురం వెళ్లాం. టోకెన్లు మూడే తీసుకున్నాం. నాకు పెద్దమ్మాయి ప్లేటు మీల్స్‌లోంచి కొంచెం పప్పన్నం, ఓ గరిటె పెరుగు. చేతులున్న కుర్చీలోనే కూర్చున్నాను. మా పెద్దమ్మాయి అది చూసి చూడనట్టు ఊరుకుంది. ఇప్పుడు కాలేజీకి వెళ్తోంది కదా, అన్నీ పైకి చెప్పదు.

వేడన్నం బేసిన్‌తో కుర్రాడు వచ్చాడు. శ్రీకాకుళం యాస. నేను ఈ ఊరికి వచ్చినప్పటి వయసే ఉంటుంది. "ఇంకొంచెం వేయమంటారా సార్?"

"చాలు నాయనా" అన్నాను. "నువ్వు తిన్నావా?"

"మూడింటికి తింటాం సార్" అని నవ్వుతూ పక్క బల్లకు వెళ్లిపోయాడు.