కొబ్బరి మేసే పందులు

కార్ నికోబార్ దీవిలో కొబ్బరికాయలు పగులగొట్టేది మనుషుల కోసమే కాదు, పందుల కోసం కూడా. 'తుహెత్' అనే ఉమ్మడి కుటుంబానికి పందులమందే ఆస్తి. గతించిన పెద్దల పేర జరిపే విందుకు అవే ప్రధానం.

2004 డిసెంబర్ 26న సముద్రం దీవిపైకి విరుచుకుపడినప్పుడు మనుషులతో పాటు పందులూ, కొబ్బరితోటలూ కొట్టుకుపోయాయి. తోట లేనిదే మేత లేదు. నాటిన కొబ్బరి కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది.

పంది మాంసంలో మాంసకృత్తులు పుష్కలం. బెరిబెరి వ్యాధిని నివారించే బి1 విటమిన్ మేకమాంసంలో కంటె దీనిలోనే హెచ్చు. కొవ్వు మాత్రం గుండెకు చేటు. విందు పూట ముక్కకూ, నిత్యం తినే ముక్కకూ తేడా అక్కడే ఉంది.

అసలు భయం బద్దెపురుగుతో. దాని పిల్లదశ తిత్తులున్న మాంసం సరిగా ఉడకకపోతే పురుగు మనిషి పేగుల్లో పెరుగుతుంది. అతని మలంతో వెలువడే గుడ్లు నీటిలోనో, ఆకుకూరల మీదనో చేరి మరొకరి కడుపులోకి పోతే, మెదడులో తిత్తులు కట్టి మూర్ఛలు రావచ్చు. విచిత్రమేమంటే, ఆ రెండవ మనిషి జన్మలో పంది మాంసం ముట్టని శాకాహారి కావచ్చు! పందికి ఈ జాడ్యం అంటేదీ మనిషి మలం నుండే. కనుక మరుగుదొడ్డి లేని ఊళ్లో తప్పంతా పందిమీద మోపడం అన్యాయం. అయితే కొబ్బరి మేసిన పంది అయినా ఆరుబయట తిరిగేదే. దాని మాంసం లోపలిదాకా ఉడకవలసిందే.