చోడిపిండికి పండుగ ముస్తాబు

అరకులోయలో చలి ముదిరే వేళకు వలిసెపూలు కొండవాలులను పసుపుమయం చేస్తాయి. ఆ వెనకే క్రిస్టమసు, సంక్రాంతి. రంగురంగుల బిస్కత్తులు కాల్చుకోవడానికి యింతకు మించిన అదను లేదు.

మైదాతో అందరూ చేస్తారు. నేను చోడిపిండితో చేస్తాను. చోళ్ళంటే రాగులే. గోధుమలో వుండే జిగురు వీటిలో లేదు. వుత్త చోడి బిస్కత్తు చేతిలోనే పొడి అయిపోతుంది. అందుకని సగం గోధుమపిండి కలిపి, వెన్న, బెల్లంపొడి చేర్చి ముద్ద చేయాలి. పొయ్యిమీద మందపాటి దాకలో యిసుక పోసి, బాగా కాగనిచ్చి, పళ్ళెం అందులో దించి మూత పెడితే చాలు.

రంగు మాత్రం పిండిలో కలపకూడదు. బీటుదుంప యెరుపు వేడికి మట్టిరంగుకు తిరుగుతుంది. చల్లారాక పంచదారపొడిలో బీటురసమో, పసుపునీళ్ళో రెండు చుక్కలు వేసి పైన ముగ్గు పెట్టాలి.

యిదంతా సోకు కోసం కాదు. కొండలలో తరతరాలుగా ప్రాణం నిలిపింది చోడి అంబలి. వంద గ్రాముల చోళ్ళలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం వుంటుంది. తెల్లబియ్యంలో పది దగ్గరే. అయినా బడిపిల్లలకు అంబలి అంటే నామోషీ. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. పట్నపు దుకాణాలలో చోళ్ళకు గౌరవం వచ్చింది. పండించినవారి బిడ్డలకే అది బీదతిండిగా మిగిలితే యెంత అన్యాయం!

మొన్న పండుగకు పక్కింటి పాప పూలముగ్గు బిస్కత్తు కొరికి, "అత్తా, యివి మా చోళ్ళేనా?" అంది.

"మీ చోళ్ళేనే!" అన్నాను.

తమ్ముడికని యింకొకటి గౌను జేబులో వేసుకుంది.