గాలి పైపు కొనే ముందు దాని మీద రాసింది చదవండి

 ఈ గ్రూపులో స్కాలర్‌షిప్పులు, నోటిఫికేషన్లు, కోచింగుల పోస్టులే ఎక్కువ వస్తయి. మేము ఈసారి కంప్రెసర్ గాలి పైపు గురించి రాస్తున్నం. మన తండాల్లో, గూడేల్లో ఎవరైనా టైర్ల షాపో, మెకానిక్ షెడ్డో పెట్టుకుంటుంటే వాళ్లకు చదివి వినిపించండి.

మేము ముగ్గురం. దిల్‌సుఖ్‌నగర్ దిక్కు హాస్టల్‌ల ఉంటూ మెకానికల్ చదువుతున్నం. మా మూడు ఇండ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. సాయంత్రాలు ఎల్బీనగర్‌ల ఒక టైర్ల షాపులో పని చేస్తం. విజయవాడ రోడ్డు, సాగర్ రోడ్డు విడిపోయే జాగ కాబట్టి బండ్లకు కొదువ లేదు. మాలో ఒకరి అన్న సాగర్ రోడ్డు మీద, కొండమల్లేపల్లి దిక్కు షాపు పెడుతున్నడు. కంప్రెసర్, నట్లు విప్పే గన్ సెకండ్ హ్యాండ్‌ల దొరికినయి. పైపు మమ్మల్ని తెమ్మని 3 వేలు పంపిండు. యాడి మహిళా సంఘంలో తెచ్చిన అప్పు పైసలవి. అందుకే ఒకటికి రెండుసార్లు చూసి కొనాలనుకున్నం.

దుకాణంలో మొదటి మాటే, "ఎనిమిది నంబర్ నీలం పైపు తీస్కపోండి, అందరూ గదే వాడతరు" అన్నడు. తేలికగా, మెత్తగా బాగనే ఉంది. కానీ పైపు మీద సన్నగా 8 ఇంటు 5 అని అచ్చేసి ఉంది. అంటే బయటి కొలత 8 మిల్లీమీటర్లు, గాలి పోయే రంధ్రం 5 మిల్లీమీటర్లే. పీయూ పైపులను మామూలుగా బయటి కొలతతో పిలుస్తరు. రబ్బరు పైపులను, లోపల దారం అల్లిక ఉన్న పీవీసీ పైపులను లోపలి కొలతతో పిలుస్తరు. నోటితో రెండూ ఎనిమిదే, పోయే గాలి మాత్రం ఒకటి కాదు.

ఇక్కడ పదో తరగతి లెక్క చాలు. రంధ్రం వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతది. 5కు 25, 10కి 100. అంటే 10 మిల్లీమీటర్ల పైపులో గాలికి నాలుగింతల దారి. మామూలు అర అంగుళం గన్‌కు, నడుస్తున్నప్పుడు, గన్ దగ్గర సుమారు 6.3 బార్, అంటే 90 పీఎస్ఐ ఉండాలి. ట్రిగ్గర్ నొక్కనప్పుడు ట్యాంకు దగ్గరా గన్ దగ్గరా ప్రెషర్ ఒకటే చూపిస్తది. నొక్కినంక సన్న పైపులో అది పడిపోతది. మీటర్‌ల 8 బార్ ఉన్నా నట్టు కదలదు. గన్ పాడైందనుకుంటం. గిరాకీ పక్క షాపుకు పోతది.

ఉత్త గాలి కొట్టడానికి, దుమ్ము ఊదడానికి సన్న పైపైనా, స్ప్రింగులా చుట్టుకునే పైపైనా నడుస్తది. కార్ల గన్‌కు 10 మిల్లీమీటర్ల రంధ్రం, లారీల పెద్ద గన్‌కు 13 లేదా అంతకన్నా ఎక్కువ చూడాలి. పొడవు కూడా అవసరమున్నంతే. పొడవు పెరిగినకొద్దీ ప్రెషర్ తగ్గుతది.

రకం సంగతి మా షాపు ఉస్తాద్ చెప్పిండు. ఆయన బడికి పోలేదు, కానీ పైపు పట్టుకుంటే చెప్తడు. గుండ్రంగా వంచి, మడత పడి నలిగితే వద్దంటడు. ఎండాకాలం రోడ్డు మీద పడేస్తే మామూలు పీవీసీ మెత్తబడతది, చలికి బిగుసుకుంటది. పీయూ తేలిక, రాపిడికి ఆగుతది, కానీ వెల్డింగ్ నిప్పురవ్వలకు, వేడి సైలెన్సర్‌కు ఓర్వదు. రబ్బరు బరువే, కానీ ఎండకు, ఈడ్పుకు నిలుస్తది. గ్రీజు, ఆయిల్ తగిలే చోట ఆయిల్‌కు ఆగే రబ్బరు అడగాలి.

ఇంకా పైపు మీద వర్కింగ్ ప్రెషర్ చదవాలి. బర్స్టింగ్ ప్రెషర్ వేరు. అది పైపు పగిలే లెక్క, దాన్ని చూసి మోసపోవద్దు. కంప్రెసర్ ఆగే ప్రెషర్ కన్నా వర్కింగ్ ప్రెషర్ బాగా ఎక్కువ ఉండాలి. జాయింట్లకు బైండింగ్ వైరు చుట్టొద్దు. ప్రెషర్‌లో ఊడిన పైపు పాములెక్క కొడతది, కన్ను పోతది. విప్పే ముందు వాల్వ్ బంద్ చేసి, లోపలి గాలి వదలాలి. బట్టల దుమ్ము గాలితో దులుపుకోవద్దు. నవ్వులాటకు కూడా మనిషి ఒంటి మీద కొట్టొద్దు. లోపలికి పోయిన గాలి ప్రాణం తీస్తది.

మేము 10 మిల్లీమీటర్ల రంధ్రం, 20 బార్ వర్కింగ్ ప్రెషర్ రాసి ఉన్న రబ్బరు పైపు 10 మీటర్లు తీసుకున్నం. రెండు కొసలకు జాయింట్లు మిషన్‌తో నొక్కించినం. మిగిలిన పైసలతో అన్నకు కంటి అద్దాలు కొన్నం.

ఉస్తాద్ చేతికి తెలిసింది ఆయన దగ్గర నేర్చుకుందం. పైపు మీద అచ్చేసిన సన్న అక్షరాలు మనం చదివి చెప్దం. ఇంటి అప్పుతో షాపు పెడుతున్నోళ్లకు మన చదువు ఈ మాత్రం పనికి రావాలె. మీ ఊర్ల ఎవరైనా కొంటుంటే గన్ మీది, కంప్రెసర్ మీది ప్లేట్ల ఫోటోలు కింద పెట్టండి. ఏ పైపు కావాలో లెక్క చూసి చెప్తం.