మా నాయనగారి అంబాసిడరు

తండ్రివలన సంక్రమించిన పొలమును, ఇంటిని అన్నదమ్ములు పంచుకొను విధము పెద్దలకు తెలియును. కారు సంక్రమించినచో దానిని పంచుకొనుట యెట్లో మాత్ర మెవ్వరును చెప్పియుండలేదు. మా నాయనగారు గుడివాడ ప్రాంతమున నొక గ్రామములో వైద్యులుగా నుండి 2016వ సంవత్సరమున కాలధర్మము నొందిరి. వారు 1969లో కొన్న అంబాసిడరు అప్పటికి పదునైదేండ్లుగా పెరటిపాకలో కదలక నిలిచియుండెను. కోళ్లు దాని క్రింద పొదుగుచుండెను.

ఈ పత్రిక చదువు బాలురలో పలువు రీ కారును చలనచిత్రములందే చూచియుందురు. ఇది ఇంగ్లండు దేశపు మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారునకు మన దేశపు రూపము. వంగదేశమున కలకత్తాకు చేరువనున్న ఉత్తరపారలో హిందుస్థాన్ మోటార్సువారు 1950ల చివరినుండి 2014 వరకు దీనిని చేసిరి. మా నాయనగారు కొన్న కాలమున పైకము చేత నున్నంతమాత్రమున కారు దొరకదు. పేరు వ్రాయించుకొని సంవత్సరములు వేచియుండవలెను. అట్లు వచ్చిన బండి కావుననే రోగులను మోసినను, వడ్లబస్తాలను మోసినను, దానిని మా యింట నొక మనిషివలెనే చూచిరి. దాని వెనుకసీటుమీద, బందరురోడ్డున, ఒక శిశువు జన్మించిన సంగతి మా యూర నిప్పటికిని చెప్పుకొందురు.

దానిని బాగుచేయింతమని 2020లో నేనును మా తమ్ముడును అనుకొంటిమి. అంతవరకు మా కిరువురకు నేకాభిప్రాయమే. ఆ పైన కాదు. తమ్ముడు హైదరాబాదున నుండును. అతని కోరిక యేమనగా, పాత ఇంజను తీసి జపాను ఇంజను పెట్టవలెను, బండిని క్రిందికి దించి వెడల్పు చక్రములు తొడుగవలెను, ముందు పొడుగుసీటు తీసివేసి వేరువేరు సీట్లు అమర్చవలెను, గేరుకఱ్ఱను స్టీరింగుక్రిందినుండి తప్పించి నేలమీదికి తేవలెను, నల్లరంగు వేయవలెను. నాయనగా రెట్లు విడిచిరో అట్లే యుండవలెనని నా పట్టు. మూడునెలలు మా మధ్య మాటలు పలుచబడెను. ఖర్చులో సగ మతనిదే గనుక అతని మాటను త్రోసివేయుటకు నాకు హక్కు లేదు.

ఇంతలో మొదటి పని చెడినది. ఒక పట్టణమున షెడ్డు నడుపువారొకరు బయానా పుచ్చుకొని, తలుపుల క్రింది తుప్పును కోసి తీయక, దానిపై పుట్టీ మెత్తి నున్నగా రంగు పూసి యప్పగించిరి. ఒక చిన్న అయస్కాంతము తీసికొని బండి యొడలిపై జరిపినచో ఇట్టి మోసము తేటపడును. ఇనుమున్నచోట నంటును, పుట్టీ యున్నచోట జారిపడును. పాతకారు కొనదలచిన వారెల్లరు జేబులో నొక అయస్కాంతము నుంచుకొనుట మేలు.

ఈ మోసము ప్రాణముల మీదికి తెచ్చునది. ఏలయన, అంబాసిడరునకు లారీకివలె వేరుగా చాసిస్ లేదు. నేలరేకు, తలుపులక్రింది దూలములవంటి రేకుపెట్టెలు, పైకప్పు అన్నియు కలిసియే బరువు మోయును. సముద్రపుగాలి తగులు మా ప్రాంతమున ఆ పెట్టెలు లోలోపల తుప్పుపట్టి పొరలు పొరలుగా రాలును. విజయవాడ ఆటోనగరులో మాకు దొరకిన ముసలి మేస్త్రీ, కోయుటకు ముందు తలుపుల సందులకు అడ్డుగా ఇనుపకడ్డీలను వెల్డింగు చేసెను. అట్లు చేయక కోసినచో బండి నడుమ క్రుంగి, తలుపులు మరల నెన్నటికిని సరిగా మూతపడవట. ఆయన బడిలో చదివినది తక్కువ. ఆయన వద్ద మేము చదివినది ఎక్కువ.

ఇంజను బిగిసిపోయి యుండెను. నాలుగు సిలిండర్లలోను నూనె పోసి వారము దినములు నాననిచ్చి, ముందు బంపరు రంధ్రమునుండి హ్యాండిలు దూర్చి మెల్లగా త్రిప్పగా, తొమ్మిదవనా డది కదలెను. 1,489 ఘనసెంటీమీటర్ల యా ఇంజను సీసము కలిపిన పెట్రోలు నాటిది. ఆ సీసము మండి వాల్వు కూర్చుండు అంచులపై సన్నని పొరయై, వాని నరుగకుండ కాపాడెడిది. మన దేశమున 2000వ సంవత్సరమున సీసపు పెట్రోలు నిలిచిపోయినది. అది గాలికి మేలే గాని పాత ఇంజనులకు ఇబ్బంది. అందుచే గట్టి యుక్కు వలయములను అచ్చట దిగగొట్టించితిమి. ఇప్పటి పెట్రోలులో ఇథనాలును కలియుచున్నది గనుక పాత రబ్బరు గొట్టములను, పంపులోని పొరను కూడ మార్పించితిమి.

తమ్మునితోడి తగవును కొంత చట్టము తీర్చెను, కొంత మా యమ్మ తీర్చెను. తయారుచేసినవారు చూపిన వివరములకు విరుద్ధముగ బండిని మార్చరాదని సుప్రీముకోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పియున్నది. జపాను ఇంజను మాట అంతటితో ముగిసెను. అయితే 2021లో కేంద్రప్రభుత్వము వచ్చి నా పక్షమునకును చిక్కు తెచ్చెను. ఏబదియేండ్లు దాటి, మొదటి రూపున నున్న కార్లకు వింటేజి రిజిస్ట్రేషను కల్పించిరి. రుసుము 20,000 రూపాయలు, సంఖ్యలో ‘వీఏ’ అను నక్షరములు. నా మనస్సు దానిపై లగ్నమయ్యెను. కాని యట్టి బండిని ప్రదర్శనలు మొదలగు వానికే గాని నిత్యోపయోగమునకు నడపరాదు.

ఆ సంగతి విని మా యమ్మ, “నాయనలారా, మీ రిద్దరును దీనిని చూచుటకు బాగుచేయుచున్నారు. నేను ఎక్కుటకు బాగుచేయువా రెవ్వరు?” అని యడిగెను. ఆమెకు మోకాళ్లనొప్పి. తమ్ముని క్రొత్తకారు నేలకు చేరువగా నుండుటచే అందు దిగబడి లేవలేదు. అంబాసిడరు సీటు కుర్చీయంత యెత్తున నుండును, తలుపు వెడల్పు. ఆస్పత్రికి పోవుటకు ఆమెకు వలసిన కారు అదియే. మరియు ముందు పొడుగుసీటులో నాయనగారి ప్రక్కన తాను కూర్చున్నచోటు తీసివేయరాదని చెప్పెను.

కావున బండిని క్రిందికి దింపలేదు. పొడుగుసీటు ఉన్నది. గేరు స్టీరింగు క్రిందనే యున్నది. అరిగిన బుష్షులు మార్చగా వదులు పోయినది. వింటేజి రిజిస్ట్రేషను నేను వదలుకొని, అయిదేండ్ల కొకసారి తనిఖీ చేయించుకొను సామాన్యపు రిజిస్ట్రేషనునే పునరుద్ధరింపజేసితిని. తమ్ముని కోరికలలో మేలైనవి నిలిచెను: అదే కంపెనీవారి తరువాతి కార్లకు వచ్చిన డిస్కు బ్రేకులు ముందుచక్రములకు, నడుమునకు బెల్టులు, తలుపు ప్రక్కన అమ్మ పట్టుకొని లేచుటకు పిడి. పాత డ్రమ్ములను నూనె రాసి అటకమీద దాచితిమి. బ్రేకుల విషయమున తమ్ముడే సరి. ఇప్పటి జాతీయరహదారిపై లారీల నడుమ ఆ పాత డ్రమ్ములను నమ్మి అమ్మను కూర్చుండబెట్టుటకు నా కిప్పుడు ధైర్యము చాలదు.

ఇక రంగు. పైనున్న తెలుపును గీకగా దాని క్రింద మరియొక తెలుపు, దాని క్రింద నీలివన్నె కలిసిన బూడిదరంగు బయటపడెను. మే మెవ్వరము దాని నెరుగము. అమ్మ దగ్గరకు వచ్చి వ్రేలితో తడిమి, “ఇదే, పావురపు రంగు. పెద్దవాడు పుట్టకముందు” అనెను. నల్లరంగు మాట తమ్ముడు మరల నెత్తలేదు.

2023 సంక్రాంతికి బండి యిల్లు చేరెను. కారును అమ్మినచో వచ్చు పైకముకంటె ఖర్చే యెక్కువ యైనది. నెల కొకసారి అమ్మను విజయవాడ ఆస్పత్రికి అందే కొనిపోవుచున్నాను. డిక్కీమూత మీది లోహపు పేరులో రెండక్షరము లింకను లేవు. తమ్ముడు హైదరాబాదున పాతసామాను అంగళ్లన్నియు గాలించుచున్నాడు. ఆదివారముల నతడు ఫోను చేసినపుడు మొదట అమ్మను గూర్చి, తరువాత ఇంజను చప్పుడును గూర్చి యడుగును.